ఇంధన ఘటంలో నీటి నడక: పొర ఉపరితలమే కీలకం

హైడ్రోజన్, ఆక్సిజన్‌ల కలయికతో విద్యుత్తునిచ్చే ఇంధన ఘటం, అంటే ఫ్యూయల్ సెల్ నుంచి వెలువడే పదార్థం నీరు మాత్రమే. ఆ నీరు ఎక్కువైనా, తక్కువైనా ఘటం కుంటుపడుతుంది. హైడ్రోజన్ ధరపై జరిగినంత చర్చ ఈ విషయంపై జరగడం లేదు.

ఘటం మధ్యలో పలుచని పాలిమర్ పొర ఉంటుంది. వీటిలో ప్రసిద్ధమైన నాఫియాన్‌ను 1960వ దశకంలో డ్యూపాంట్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ గ్రోట్ రూపొందించారు. దీని వెన్నెముక నాన్‌స్టిక్ పెనాలపై పూసే టెఫ్లాన్ వంటిది, నీటిని దరిచేరనీయదు. దానినుంచి వేలాడే గొలుసుల కొసలనున్న సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు మాత్రం నీటిని ఆకర్షిస్తాయి. లోపల నీరు చేరి సన్నని కాలువలు ఏర్పడితేనే ప్రోటాన్లు ఆవలికి సాగుతాయి. పోతూ పోతూ కొంత నీటిని వెంట తీసుకుపోతాయి. అందువల్ల హైడ్రోజన్ వైపు పొర ఎండుతుంది. ఆక్సిజన్ వైపు నీరు నిలిచి వాయువుకు దారి మూసుకుపోతుంది.

చిత్రమంతా ఉపరితలంలో ఉంది. పొడిగాలిలో ఆమ్ల సమూహాలు లోనికి ముడుచుకుంటాయి, టెఫ్లాన్ వంటి భాగం పైకి తేలుతుంది. అప్పుడు నీటిబొట్టు తామరాకు మీద నిలిచినట్లే నిలుస్తుంది. నీటి ఆవిరి నిండిన గాలిలోనూ ఈ విముఖత పూర్తిగా పోదు. ద్రవరూపంలో నీరు తాకినప్పుడు మాత్రం ఆమ్ల సమూహాలు క్రమంగా వెలుపలికి తిరిగి, దారి ఇస్తాయి. పొర పలుచనయ్యేకొద్దీ నీటి ప్రవేశంలో ఉపరితలం కలిగించే అడ్డంకి వాటా పెరుగుతుంది. నేటి వాహనాల ఘటాలలో పొర మందం 20 మైక్రాన్లకన్నా తక్కువే.

సంతృప్త ఆవిరిలో ఉంచిన నాఫియాన్ ఒక్కో ఆమ్ల సమూహానికి సుమారు 14 నీటి అణువులను, ద్రవజలంలో ముంచినది సుమారు 22 అణువులను పీల్చుకుంటుంది. సిద్ధాంతం ప్రకారం రెండూ సమానం కావాలి. జెలటిన్‌లో ఇటువంటి తేడానే 1903లో గుర్తించిన ష్రోడర్ పేరిట దీనిని ష్రోడర్ వైరుధ్యం అంటారు. ఉపరితల స్వభావమే కారణమని కొందరు, పొరను ముందుగా ఏ వేడికి గురిచేశారన్నదే ముఖ్యమని మరికొందరు వాదిస్తున్నారు.

ఇది పండితచర్చ మాత్రమే కాదు. తడిసినప్పుడు ఉబ్బుతూ, ఎండినప్పుడు కుంచించుకుపోతూ పొర చివరికి పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లగుండా హైడ్రోజన్ అవతలికి చేరితే ఘటం ఆయువు తీరినట్లే.

భారత్‌లో హైదరాబాద్ కేంద్రంగా గల ఏఆర్‌సీఐ సంస్థ తన చెన్నై విభాగంలో ఇంధన ఘటాలపై పరిశోధన సాగిస్తోంది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన పీఎస్ఎల్‌వీ-సీ58 రాకెట్ చివరిదశలో ఇస్రో 100 వాట్ల తరగతి పాలిమర్ పొర ఇంధన ఘటాన్ని అంతరిక్షంలో విజయవంతంగా పరీక్షించింది. భూమిమీద గురుత్వం వల్ల నీటిబొట్టు కిందికి జారుతుంది. కక్ష్యలో ఆ సాయం ఉండదు.