జనాభా లెక్కల్లో ఓడవ్వ

మన సంఘంలో నలుగురు కూర్చుని వంశాల మాట ఎత్తితే, ఒకరి తాతగారు కరణం, మరొకరి ముత్తాత సంస్థానంలో దివాను, ఇంకొకరు జమీందార్లకు దగ్గరి బంధువులు. దొరల బంగళాల్లో వంట చేసినవారు గాని, పంకా లాగినవారు గాని, పిల్లలను ఎత్తుకు పెంచినవారు గాని ఎవరి వంశవృక్షంలోనూ కనిపించరు. ఆ రోజుల్లో ప్రతి బంగళాలోనూ బట్లరు మొదలు తోటమాలి దాకా ఎందరో నౌకర్లు ఉండేవారు కదా! వారి మునిమనుమలంతా ఏమైనట్టు?

మా మట్టుకు మేము చెప్పేస్తాము. మా అమ్మమ్మకు నాయనమ్మ అయిన ఆవిడ ఒక దొర కుటుంబంలో ఆయాగా ఉండి, వాళ్ళ పిల్లలను కనిపెట్టుకుని ఓడలో ఇంగ్లండు వచ్చి తిరిగి వెళ్ళిందని మా ఇంట్లో వాడుక. ఊళ్ళో అందరూ ఆమెను 'ఓడవ్వ' అనేవారట. అసలు పేరు చెప్పగలవారు ఇప్పుడెవరూ లేరు.

ఈ సంగతి పైకి చెప్పే చొరవ మాకు కలిగించినవారు మా దగ్గరకు వైద్యానికి వచ్చే ఇంగ్లీషు ముసలమ్మలు. తమ నాయనమ్మ ఫలానా పెద్దింట్లో అంట్లు తోమేదనీ, ఆమె పేరు 1911 జనాభా లెక్కల్లో దొరికిందనీ సంబరంగా చెబుతారు. 1911లో ఇంగ్లండు, వేల్సులలో ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలే పన్నెండు లక్షలకు పైగా ఉన్నారు. ఆడవారికి అంతకు మించిన ఉపాధి అప్పట్లో మరొకటి లేదు. కనుక ఇక్కడ అది సిగ్గుపడే విషయం కాదు, సర్వసాధారణమైన విషయం.

వీరు ఎలా వెతుకుతారో చూద్దాం. బ్రిటనులో 1801 నుంచి పదేళ్ళకోసారి జనాభా లెక్కలు తీస్తున్నా, దేశమంతటా మనుషుల పేర్లు రాసి ఉంచినది 1841 నుంచి. ఆ ఏడు పదిహేనేళ్ళు దాటినవారి వయసును చాలావరకు కిందికి దించి, ఐదుతో భాగించబడే అంకెగా రాశారు. విదేశంలో పుట్టినవారికి ఒక్క అక్షరంతో సరిపెట్టారు. 1851 నుంచి ఇంటి యజమానికి ఏమవుతారు, ఏ ఊళ్ళో పుట్టారు అన్నవి కూడా చేర్చారు. పదమూడు పద్నాలుగేళ్ళకే పల్లె విడిచి పనికి పోయే పిల్ల ఒక లెక్కలో తల్లిదండ్రుల దగ్గరా, తరువాతి లెక్కలో పట్నంలోని యజమాని ఇంట్లో చిట్టచివరి వరుసలోనూ కనిపిస్తుంది. ఆ పిమ్మట పెళ్ళయి ఇంటిపేరు మారుతుంది కాబట్టి పెళ్ళి రిజిస్టరు తోడు తెచ్చుకోవాలి. నౌకర్ల వివరాలు చెప్పేది సాధారణంగా యజమానే. అందుచేత వయసులో, పుట్టిన ఊరి పేరులో తేడా వచ్చినంత మాత్రాన ఆ మనిషి కాదని కొట్టివేయరాదు.

పేర్లతో ఉన్న కాగితాలను నూరేళ్ళపాటు మూసి ఉంచడం ఇక్కడి ఆనవాయితీ. 1921 నాటివి 2022లో తెరిచారు. ఇంగ్లండు, వేల్సుల 1931 కాగితాలు 1942లో అగ్నికి ఆహుతి అయ్యాయి. 1941లో యుద్ధం మూలంగా లెక్కలే తీయలేదు.

ఇక మన ఆయాల సంగతి. ఆయా అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చింది. సెలవు మీద వచ్చే దొరలు దారిలో పిల్లలను చూసుకోవడానికి ఆయాలను వెంట తెచ్చి, తిరుగు ప్రయాణంలో మరో కుటుంబానికి అప్పగించేవారు. దారి ఖర్చు ఇవ్వకుండా లండనులో వదిలివేసిన వారూ ఉన్నారు. అటువంటి స్త్రీలు తలదాచుకున్న ఆయాల వసతిగృహం మొదట ఆల్డ్‌గేటు ప్రాంతంలో ఉండి, 1900లో హాక్నీకి మారింది. ఆ ఇంటికి 2022లో నీలి ఫలకం అమర్చారు. ఈ స్త్రీల చరిత్రను రోజీనా విశ్రామ్ 1986లోనే పుస్తకంగా వెలువరించారు.

మేము 1911, 1921 లెక్కలు రెండూ వెతికాము. పేరు ఉండవలసిన చోట ఉత్త 'ఆయా' అనీ, లేదా యజమాని ఇంటిపేరు తగిలించిన ఆయా అనీ, లేదా ఒక్క క్రైస్తవ నామం మాత్రమే ఉన్న వరుసలు ఎదురయ్యాయి. పుట్టిన చోటు 'మద్రాసు' అని ఉంటుంది. మద్రాసు రాజధాని అంటే గంజాం నుంచి తిరునల్వేలి దాకా కదా! ఆమె తెలుగు మనిషో, తమిళ మనిషో ఆ వరుస చెప్పదు. వయసు కుదిరినవారు ఉన్నారు గాని ఎవరినీ మా ఓడవ్వ అనలేకపోయాము. లక్షణాలు కలిసినంత మాత్రాన జబ్బు పేరు రాయకూడదని మా వృత్తి నేర్పింది.

మన దేశంలో వెతుకుదామా అంటే, 1881 నుంచి దేశమంతటా ఒకేసారి లెక్కలు తీసినా, మిగిలినవి జిల్లాలవారీ, వృత్తులవారీ పట్టికలే. ఇంటింటి కాగితాలు దాచలేదు. మన ముత్తవ్వలలో బంగళాలో పనిచేసిన ఆమె ఆ పట్టికలో ఒక అంకె. ఓడెక్కిన ఆమెకైతే పరాయి దేశపు కాగితంలో ఒక వరుసైనా దక్కింది, సగం పేరుతోనైనా సరే.

ఆ పేరు పూర్తి చేయవలసింది ఏ ప్రభుత్వమూ కాదు, ఇంట్లోవాళ్ళే. ఓడవ్వ పేరు దస్తావేజుల్లో పోయిందనుకోవడం కన్నా మా ఇళ్ళల్లోనే పోయిందనుకోవడం న్యాయం. డాక్టరీ చదివిన మునిమనుమల కాలానికి ఆయా ఉద్యోగం చెప్పుకోదగనిదయింది, దానితోపాటు ఆమె పేరూ మరుగున పడింది.

సభ్యులకు ఒక మనవి. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళను దివానుల గురించే కాక, ఎవరెవరి ఇళ్ళల్లో ఎవరు పనిచేశారో కూడా అడగండి. పేరు, ఊరు, యజమాని పేరు, సుమారు సంవత్సరం రాసుకోండి. సముద్రం దాటిన వారైతే 1878 నుంచి ఇక్కడ దిగిన ప్రయాణికుల జాబితాలు లండను నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. దొరల వీలునామాలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు దస్తావేజుల్లో ఉన్నాయి. యజమాని పేరు దొరికితే నౌకరు జాడ తీయడం సుళువు. అలాగే మనలను పెంచి, మనం చదువుకునేటప్పుడు వేళకు అన్నం వండిపెట్టిన పనిమనుషుల పూర్తి పేర్లు కూడా అదే కాగితం మీద రాయండి. వారి మునిమనుమలు ఎప్పుడైనా వెతుక్కోవచ్చు.