నౌకరుకు అప్పజెప్పలేని హుకుం



ఈసారి షెల్ తవారీఖులోంచి ఒక చిన్న ఖిస్సా. లినక్స్ టెర్మినల్‌లో ఒక డైరెక్టరీలోంచి ఇంకో డైరెక్టరీలోకి పోవడానికి మనం కొట్టే సి.డి. హుకుం ఉంది కదా. ఎల్.ఎస్., క్యాట్, గ్రెప్ డిస్కు మీద ఉండే వేరువేరు ప్రోగ్రాములు. సి.డి. మాత్రం షెల్ కడుపులోనే ఉంటుంది. దాన్నే బిల్టిన్ అంటాం. ఈ ఫరక్ ఎందుకొచ్చింది?

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, వాళ్ళ సాథీలు పీడీపీ-7 అనే చిన్న కంప్యూటర్ మీద యూనిక్స్ మొదలుపెట్టారు. అప్పుడు టెర్మినల్‌కు ఒక్కటే ప్రాసెస్. హుకుం ఇస్తే షెల్ తన జాగా ఖాళీ చేసేది, ఆ ప్రోగ్రాం వచ్చి కూర్చునేది, పని ఖతమయ్యాక షెల్ మళ్ళీ వచ్చేది. డైరెక్టరీ మార్చే హుకుం పేరు అప్పట్లో సీహెచ్‌డిర్. అదీ మామూలు ప్రోగ్రామే.

తర్వాత ఫోర్క్ వచ్చింది. షెల్ తన నకలు ఒకటి తీసి, ఆ బిడ్డ ప్రాసెస్‌కు పని అప్పజెప్పి, తాను ఇంతజార్ చేస్తుంది. పీడీపీ-7 మీద ఫోర్క్‌కు పట్టింది 27 అసెంబ్లీ లైన్లే. కమాల్! కానీ అది రాగానే సీహెచ్‌డిర్ పనిచేయడం మానేసింది. కోడు తిరగేసి తిరగేసి పరేషాన్ అయ్యారు. రిచీయే ఈ సంగతి తర్వాత రాశాడు. అసలు హుకుం సరిగ్గానే నడుస్తోంది. బిడ్డ ప్రాసెస్ తన డైరెక్టరీ మార్చుకుని వెంటనే రుఖ్సత్ అయిపోతోంది. షెల్ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇలాజ్ ఒక్కటే, ఆ పని షెల్ స్వయంగా చేసుకోవాలి.

మనకిది కొత్త మాట కాదు. జకాత్ సొమ్ము పంచమని ఇంకొకరికి అప్పజెప్పొచ్చు. నమాజ్ మాత్రం మన బదులు ఎవరూ చదవలేరు.

అయితే అన్నీ మజ్‌బూరీతో లోపలికి రాలేదు. థాంప్సన్ షెల్‌లో ఇఫ్, గోటూ, ఎగ్జిట్ కూడా బయటి ప్రోగ్రాములే. స్క్రిప్టు ఫైలులో ఎక్కడిదాకా చదివామనే గుర్తు తల్లీబిడ్డలకు ఉమ్మడి. అందుకే గోటూ ఆ గుర్తును లేబుల్ దగ్గరికి జరిపేది, ఎగ్జిట్ ఫైలు ఆఖరికి జరిపేది. ముందు జాన్ మాషీ పీడబ్ల్యూబీ షెల్, ఆపైన 1979లో స్టీఫెన్ బోర్న్ షెల్ ఇలాంటి పనుల్ని ఇంట్లోకి తెచ్చుకున్నాయి. టెస్ట్, ఎకో తర్వాత లోపలికి వచ్చింది రఫ్తార్ కోసం. ప్రతి చిన్న పనికీ కొత్త ప్రాసెస్ పుట్టించడం ఖరీదైన సంగతి. 1989లో బ్రయాన్ ఫాక్స్ తెచ్చిన బ్యాష్‌కు దక్కిన విరాసత్ ఇదే.

కొత్తగా నేర్చుకునేవాళ్ళ సవాలు ఇవాళ్టికీ అదే: "భాయ్, స్క్రిప్టులో సి.డి. రాశాను, స్క్రిప్టు నడిచింది, నేనెందుకు కదల్లేదు?" స్క్రిప్టు బిడ్డ షెల్‌లో నడిచింది కాబట్టి. మన షెల్‌లోనే నడవాలంటే ముందు సోర్స్ అని రాయాలి. ఇంకో హెచ్చరిక. స్క్రిప్టులో సి.డి. ఫెయిలైతే తర్వాతి హుకుం ఉన్నచోటే నడుస్తుంది. అది ఫైళ్ళు తుడిచే ఆర్.ఎం. అయితే తబాహీయే. అందుకే సి.డి. కామియాబ్ అయితేనే ముందుకు పొమ్మని రెండిటి మధ్యా జోడు యాంపర్సండ్ పెట్టండి.

ఏది ఇంటిదో ఏది బయటిదో తెలియకపోతే టైప్ అని కొట్టి, పక్కన హుకుం పేరు రాయండి, షెల్ జవాబిస్తుంది. ఆ టైప్ కూడా బిల్టిన్నే. ఇంటి గుట్టు ఇంట్లోవాళ్ళకే కదా తెలిసేది.

ఖుదా హాఫిజ్.