వెనక బల్ల మిత్రుడు

స్వర్ణోత్సవ సంచికకు బడి చరిత్ర రాయమంటే నాకు ముందు గుర్తొచ్చేది వెనక బల్ల మీది మిత్రుడు. గంట మోగితే చెవులు మూసుకుని అరిచేవాడు. పరుగెత్తి కాలువ గట్టున కూర్చునేవాడు. మేం నవ్వేవాళ్లం. మేష్టార్లు పొగరనుకుని గోడకుర్చీ వేయించేవారు. ఏడో తరగతిలోనే చదువు మానేశాడు.

వికలాంగ బాలలను మామూలు బడుల్లోనే చదివించే పథకాన్ని కేంద్రం 1974లో మొదలుపెట్టింది. 1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి, ఆటిజాన్ని చేర్చింది.

నేను కోనసీమలోనే ఉపాధ్యాయుణ్నయ్యాక అలాంటి పిల్లవాడే నా తరగతికి వచ్చాడు. కొట్టకూడదని తెలుసు, ఏం చేయాలో తెలియదు. భవిత కేంద్రం టీచరుగారు ఒక్కటే అడిగారు: "మేష్టారూ, అరిచే ముందు ఏం జరుగుతోంది?"

వారం రోజులు రాసి చూశాను. ఎక్కువసార్లు గంటే కారణం. గంట కొట్టబోతున్నారని వాడికి ముందే చెప్పేవాణ్ని. రోజు పనులు బొమ్మలుగా గోడకు అంటించాను. తట్టుకోలేనప్పుడు కొబ్బరిచెట్ల నీడన కాసేపు కూర్చోనిచ్చేవాణ్ని. అరుపులు ఒక్కసారిగా ఆగలేదు, నెలల మీద తగ్గాయి. వాడు పదో తరగతి దాకా మాతోనే ఉన్నాడు.

మా బ్యాచ్ ఫొటోలో ఆ మిత్రుడు లేడు. ఆ ప్రశ్న అప్పుడు మాలో ఎవరమూ అడగలేదు. ఈ ఏడాది మన విరాళాలతో కట్టే గదుల్లో, ఇలాంటి పిల్లల కోసం గంట మోత వినపడని గది ఒకటి ఉండాలని నా మనవి.