గోలీల షీటు మీది ఎర్రగీత

హైదరాబాద్ దగ్గరి కాజీపల్లి పారిశ్రామికవాడలో తయారైన మందు డ్రమ్ముల్లో బయటికెళ్తుంది. డ్రమ్ము మీది లేబుల్‌లో మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, నికర బరువు, లైసెన్సు నంబరు ఉంటాయి. హంగులేమీ ఉండవు, ఉండక్కర్లేదు. దాన్ని చదివేది మరో కంపెనీ కెమిస్టు. అదే మందు ఇంకోచోట గోలీగా మారి షీటులోకి చేరాక చదివేవాళ్లు మారిపోతారు: జ్వరమొచ్చిన పిల్లాడి తల్లి, చూపు మందగించిన పెద్దాయన. గ్రాఫిక్ డిజైనర్‌కు అసలు పరీక్ష వాళ్లే.

1960లలో హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక, తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది; దాంతో అదే మందును వేరే పద్ధతిలో తయారుచేసే వీలు దొరికింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీ స్థాపించారు. బొల్లారం, పటాన్‌చెరు, కాజీపల్లి బల్క్ డ్రగ్ (గోలీలకు వాడే అసలు మందు) కేంద్రాలుగా ఎదిగాయి. ఇదంతా చాలామంది రాశారు. ఆ మందుల అట్టల మీద అక్షరాలు ఎలా పేర్చారన్న చరిత్రను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నా దృష్టిలో ఈ దేశంలో మంచి లేబుల్ డిజైన్ ఏదంటే పురుగుమందు డబ్బాదే. 1971 నాటి నిబంధనల ప్రకారం డబ్బా మీద మూలమీద నిలబెట్టిన చతురస్రం ఉండాలి. లేబుల్ వైశాల్యంలో అది 16వ వంతుకు తగ్గకూడదు. కింది సగంలో విషతీవ్రతను చెప్పే రంగు: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. అతి ప్రమాదకరమైనదైతే పై సగంలో పుర్రె, ఎముకలు. చదువురాని రైతుకూ ఆ ఎరుపు అర్థమవుతుంది. ఎవరు చూస్తారో ముందు ఆలోచించి, తర్వాత గీసిన బొమ్మ అది.

గోలీల షీటుకు ఆ భాగ్యం దక్కలేదు. దాని మీది ఎర్రగీత కథ వేరు. 2007లో స్వీడన్ పరిశోధకులు మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల విషయంలో ప్రపంచం ఈ ప్రాంతం వైపు చూసింది. 2014 మార్చిలో డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన 46 మందులతో హెచ్1 షెడ్యూలు అమల్లోకి వచ్చింది. వాటి లేబుల్ మీద ఎర్రగడిలో హెచ్చరిక తప్పనిసరైంది. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ఎర్రగీత ప్రచారం మొదలుపెట్టింది: ఎడమవైపు నిలువు గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని. గీత కనీసం ఒక మిల్లీమీటరు వెడల్పుండాలి. కానీ పక్కన హెచ్చరిక మాత్రం ఇంగ్లిష్‌లో, సన్నటి అక్షరాల్లో. గీత అర్థం ముందే తెలిసినవాళ్లకే అది మాట్లాడుతుంది.

అల్యూమినియం రేకు మెరుస్తుంది. పల్చటి అక్షరాలు ఆ మెరుపులో మాయమవుతాయి. కంప్యూటర్ తెర మీద చక్కగా కనిపించింది కదా అనుకుంటే కుదరదు, ప్రెస్సుకెళ్లి నమూనా చేతిలో పట్టుకుని చూడాలి. నిబంధనలూ చదవాలి. 2018 సెప్టెంబరు నుంచి అసలు మందు పేరు బ్రాండు పేరుకన్నా కనీసం రెండు సైజులు పెద్దగా ఉండాలి (కొన్ని మిశ్రమాలకు మినహాయింపుంది). బ్రాండునే పెద్దది చేయమని కంపెనీ కోరినా కాదని చెప్పగలగాలి. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం కన్నా ఇది కష్టం, ఇదే ముఖ్యం.

2023 జనవరి నుంచి బల్క్ డ్రగ్ ప్యాకింగుల మీద, ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ వచ్చింది. ఫోనున్నవాళ్లకు మేలే. కానీ మన మెడికల్ షాపుల్లో గోలీలు కత్తెరతో కత్తిరించి ఇస్తారు. నాలుగు గోలీలు అడిగినవాళ్ల చేతికి వచ్చే ముక్క మీద గడువు తేదీ ఉండకపోవచ్చు, ఎర్రగీతా ఉండకపోవచ్చు. పేరు ప్రతి గోలీ వెనక ముందే అచ్చువేయొచ్చు, చాలా కంపెనీలు వేస్తున్నాయి. బ్యాచ్, గడువు తేదీ మాత్రం ప్యాకింగ్ సమయంలో, తరచూ షీటుకు ఒక చివరే పడతాయి. ఆ తేదీని ప్రతి ముక్క మీదికీ ఎలా తేవాలన్నది డిజైనరూ ప్యాకింగ్ ఇంజనీరూ కలిసి కూర్చుని తేల్చాల్సిన పని.