విష్టి – వెట్టి

శబ్దచరిత్రము పెక్కుచోట్ల జనచరిత్రమును దెలుపును. వెట్టి యను పద మిందుల కుదాహరణము. వ్యాప్త్యర్థకమగు విషధాతువునకు క్తిన్ ప్రత్యయము చేరఁగా విష్టిశబ్దము సిద్ధించును. ష్టకారము ప్రాకృతమున ట్ఠ యగును. తెలుఁగున ట్ట యై, ఇకారము ఎకారముగా మాఱి, వెట్టి యయ్యెను. కూలి యీయక బలిమిచేఁ జేయించుకొను పని యని యర్థము.

అర్థశాస్త్రమున సేనకు మార్గములను, సేతువులను, కూపములను బాగుచేయు శ్రామికగణమునకు విష్టి యని పేరు. క్రీ. శ. 150 ప్రాంతమున రుద్రదాముఁడు సుదర్శనతటాకపు గట్టును పునర్నిర్మించి, ప్రజలను పన్నులచేతను విష్టిచేతను బీడింపక స్వకోశధనమునే వ్యయించితినని గిర్నారు శాసనమునఁ జెప్పుకొనెను. విష్టి లేకుండుట కీర్తిహేతువైనదనఁగా, అది యుండుట యెంత సామాన్యమో తేటపడుచున్నది. అమరసింహుఁ డీ శబ్దమును నరకవర్గమునఁ జేర్చుట గమనింపఁదగినది.

ఈ నరకము నైజాము రాష్ట్రపు తెలుఁగు జిల్లాలలో నిరువదవ శతాబ్ది నడిమివఱకు నిలిచెను. దొరల గడీలకును, మజిలీ చేయు నధికారులకును కుమ్మరి కుండలను, మాదిగ చెప్పులను, గౌండ్ల కల్లును ఊరక యీయవలసివచ్చెను. చాకలి, మంగలి మొదలగువా రింటిచాకిరి చేయవలసివచ్చెను. 1921లో నేర్పడిన ఆంధ్రజనసంఘమును, అందలి ప్రముఖులు మాడపాటి హనుమంతరావు గారును దీనిని ఖండించిరి. పిమ్మట ఆంధ్రమహాసభ యీ భారమును వహించెను. 1946 జులై 4వ తేదీన కడివెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులకు బలియయ్యెను. 1951 వఱకు సాగిన రైతాంగపోరాటమున వెట్టినిర్మూలనము ముఖ్యాశయములలో నొకటి.

వెట్టియు గ్రామధర్మమే, పన్నిద్ద ఱాయగాండ్రవలెఁ దలకొక పని యేర్పడినదే యని కొంద ఱందురు. ఇది నిలువదు. ఏలయన, ఆయమున మేరధాన్యమో, మాన్యమో ప్రతిఫలముగాఁ గలదు. వెట్టిలో ప్రతిఫలము లేదు. కాదనుటకు స్వాతంత్ర్యమును లేదు. మఱియు ఆ భారము పుట్టుకనుబట్టి కొందఱిపైననే పడును.

1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 23వ యధికరణమున వెట్టిని నిషేధించెను. అందే ప్రజాప్రయోజనార్థము ప్రభుత్వము నిర్బంధసేవను విధింపవచ్చు ననియు, అట్లు విధించునపుడు మత జాతి కుల వర్గ భేదము పాటింపరా దనియుఁ గలదు. సంఘమునకై చేయు పనికిని వెట్టికిని గల భేద మిందు స్పష్టము. సేతువు కట్టుట దోషము కాదు. ఒకని వీపుననే రాళ్లన్నియు మోయించుట దోషము.

1976లో వెట్టికార్మికవిధానమును రద్దుచేయు చట్టము వెలువడెను. 1982లో ఏషియాడ్ నిర్మాణముల వ్యాజ్యమున సుప్రీముకోర్టు, కనీసవేతనముకంటెఁ దక్కువకు పని చేయించుకొనుటయు నిర్బంధశ్రమయే యని తీర్పు చెప్పెను. ఆకలిచేఁ దలయొగ్గినవానిది స్వేచ్ఛ కాదని దాని తాత్పర్యము. ఇట్లు రాజభటుని బలిమిని మాత్రమే చెప్పిన భావము పేదఱికపు బలిమిని గూడఁ జెప్పున దయ్యెను. కావున గుత్తేదారుల క్రింద తక్కువకూలికిఁ బనిచేయువారి విషయమున వెట్టిశబ్దమును వాడుట యలంకారము కాదు, ముఖ్యార్థమే.