డబ్బా మీది అంకె

ఫిలిం డబ్బా మీద 100, 200, 400 అని అచ్చేసి ఉండేది, గుర్తుందా? ఇప్పటి ఫోన్లలో ఐ.ఎస్.ఓ. అని కనిపించేది దాని మనవరాలే. అంకె పెద్దదైన కొద్దీ ఫిలింకి తక్కువ వెలుతురు చాలు. బంగారానికి క్యారెట్లలాగా అది ఫిలిం పుట్టుకతో తెచ్చుకున్న గుణమనుకుంటాం గానీ, అందులో కొంత మనుషుల జాగ్రత్త కూడా ఉండేది.

కొడాక్ వారి ట్రై-ఎక్స్ 35 ఎం.ఎం. ఫిలిం 1954లో వచ్చినప్పుడు దాని వేగం 200. 1960లో అది 400 అయి కూర్చుంది! మారింది ఫిలిం కాదు, లెక్క. అంతకు ముందు అమెరికా ప్రమాణాల సంఘం, వెలుతురు అంచనా తప్పినా బొమ్మ దక్కాలని, వేగాన్ని తగ్గించి చెప్పేది. పెనానికి అంటుకోకుండా ఇంకో చెంచా నూనె వెయ్యమని కొత్త కోడలికి అత్తగారు చెప్పినట్టన్నమాట. వెలుతురు కొలిచే మీటర్ల వాడకం పెరిగాక ఆ అదనపు చెంచా మానేశారు.

మరి 400 కూడా చాలని చోట? ఫొటోగ్రాఫర్లు దాన్నే 800 అనో 1600 అనో లెక్కగట్టి తీసేసి, డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచేవారు. దాన్నే 'పుష్' చెయ్యడం అనేవారు. అప్పుడు తెల్లనివి మరీ తెల్లబడతాయి, బొమ్మంతా రవ్వ చల్లినట్టు గరుకుగా వస్తుంది. నీడలో ఉన్నది మాత్రం పైకి రాదు. విత్తు పడనిచోట ఎన్ని బిందెలు పోస్తే మొలకెత్తుతుంది? రాత్రి ముహూర్తానికి అలా ఫొటో తీస్తే వెలుగులో ఉన్న పెళ్ళికూతురు దక్కుతుంది, స్తంభం చాటున నిలబడ్డ మేనత్త పోతుంది. ఈ విద్యలో నాకు గుచ్చుకునేది అదే. పోయేది ఎప్పుడూ చాటున ఉన్నవాళ్ళే.

అయినా ఆ సాహసం లేకపోతే 'బారీ లిండన్' లేదు. 18వ శతాబ్దపు కథ. 1975లో విడుదలైన ఆ సినిమాలో రాత్రిపూట గదులకు కొవ్వొత్తుల వెలుగే ఉండాలని స్టాన్లీ కూబ్రిక్ పట్టు. కెమెరామన్ జాన్ ఆల్కాట్ 100 వేగం ఫిలింని 200కి పుష్ చేశాడు. అదీ చాలక, జైస్ కంపెనీ నాసా కోసం తయారుచేసిన ఎఫ్/0.7 లెన్సు తెచ్చారు. అంత పెద్ద కన్నున్న లెన్సుతో చిక్కేమిటంటే, నటులు కాస్త ముందుకి వంగినా మొహం మసకబారిపోతుంది. అందుకే వాళ్ళు ఆ పేకాట బల్ల దగ్గర పటంలో బొమ్మల్లా కదలకుండా కూర్చుంటారు. ఆల్కాట్‌కి ఆస్కార్ వచ్చింది.

మా ఇంట్లో కుర్రకారు ఆ సినిమాని "మరీ స్లో" అంటారు. వేగం పెంచడానికే కదా, పాపం, అంత నిదానం!