పెరటికి వదిలిన జాగా

మా లాలాపేట్‌లో పాత ఇళ్లు ఒకటొకటిగా అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. మన సభ్యులలో పలువురు తమ ఇళ్లను బిల్డర్లకు ఇచ్చే ఆలోచనలో ఉన్నారు. అందుకని, ఇంటి చుట్టూ జాగా వదలడం గురించి మన నగర చరిత్ర నుంచి నాలుగు మాటలు రాస్తున్నాను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది ప్రాణాలు పోయాయి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. గండిపేట, హిమాయత్‌సాగర్ సంగతి అందరికీ తెలిసినదే. నది గట్ల వెంట తోటలు వేయాలని కూడా ఆయన సూచించారు. 1911లో ప్లేగు వచ్చింది. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నాంపల్లి వంటిచోట్ల ఇరుకు బస్తీలు తొలగించి కొత్త ఇళ్లు కట్టించింది. తక్కువ జీతగాళ్ల ఇళ్లకు సైతం గాలి, వెలుతురు వచ్చే ఖాళీ వాకిలి ఉంచారు.

మా పక్కనే లాలాగూడ. అక్కడ 1893లో రైల్వే వర్క్‌షాపు వెలిసింది, దాని వెంట క్వార్టర్లు వచ్చాయి. నేనెరిగిన పాత క్వార్టర్లలో ఇంటికీ ఇంటికీ మధ్య జాగా, పడమటి వైపు వేపచెట్టు ఉండేవి. అందం మాట అటుంచండి, సాయంత్రపు ఎండకు గోడ కాలేది కాదు, రాత్రి నిద్ర పట్టేది.

గుమాస్తాగిరీ అలవాటు పోదు కదా, ఒక లెక్క వేశాను. మనకు ఏటా సుమారు 80 సెంటీమీటర్ల వాన. అంటే 200 గజాల ప్లాటు మీద లక్షా ముప్పైవేల లీటర్లకు పైగా నీరు పడుతుంది! మన నేల అడుగున రాయి, పైన మట్టి తక్కువ. ఆ కాస్త మట్టినీ సిమెంటుతో మూసేస్తే నీరు మోరీలోకి పోతుంది. మా వీధిలో ఒక అపార్ట్‌మెంటులో గోడ నుంచి గోడ వరకు గచ్చు చేశారు. ఎండాకాలం వస్తే వారికి ట్యాంకరే గతి.

2002 నాటి వాల్టా చట్టం వాననీటిని ఇంకించాలనీ, అనుమతి లేకుండా చెట్లు కొట్టరాదనీ చెబుతోంది. అయితే అసలు చిక్కు సెల్లారుతో వస్తుంది. ప్లాటంతా సెల్లారు తవ్వితే పైన కుండీలే తప్ప చెట్టుకు వేరు దిగే చోటుండదు. కనుక వెనకవైపు కనీసం రెండు గజాల వెడల్పు మట్టి సెల్లారుకు బయట మిగలాలి. గోడకు దగ్గరగా రావి, మర్రి వద్దు. కరివేపాకు, జామ, పారిజాతం చాలు.

బిల్డరు నోటిమాట మీద ఊరుకోకండి. మట్టి నేల ఎంత, ఇంకుడు గుంత ఎక్కడ, ఏ చెట్టు ఉంచాలి అన్నవి ప్లానులో గీయించి, సంతకానికి ముందే ఒప్పంద పత్రంలో రాయించుకోండి.